ఆపదకు ముందే అద్దవలసిన రంగు

పోచంపల్లి చీర మగ్గం మీద పుడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి మగ్గం వద్దకు వచ్చేనాటికే దాని భవితవ్యం చాలావరకు తేలిపోయి ఉంటుంది. నూలును నమూనా లెక్క ప్రకారం పోగులుగా విభజించి, రంగు అంటకూడని చోట్ల రబ్బరు పట్టీలతో బిగించి, రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, మరల కట్టి, మరొక రంగులో ముంచి, ఇంత జరిగిన తర్వాతనే నూలు మగ్గమెక్కుతుంది. కట్టు పడవలసిన చోట కట్టు పడకపోతే మగ్గం మీద ఎంతటి నేర్పరి కూర్చున్నా ఆ పువ్వు ఆ చోట పూయదు. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ విద్య యొక్క మర్మమంతా ‘ముందే’ అన్న ఒక్క మాటలో ఇమిడి ఉన్నది.

ఈ వ్యాసం చేనేతను గురించి కాదు. చెడిపోయిన కంప్యూటరును తిరిగి లేపడానికి ఉపయోగించే రికవరీ పెన్‌డ్రైవును గురించి. అయినను మాట పోచంపల్లి నుండి మొదలుపెట్టడానికి కారణం కలదు. ఈ రెండు పనులలోను ఆఖరి ఘట్టంలో చూపే నేర్పు కంటె మొదట చేసిన ఏర్పాటుకే విలువ ఎక్కువ. మన కార్యాలయాలలో, దుకాణాలలో, కళాశాలలలో “ఆపదకు పెన్‌డ్రైవు ఉన్నదా?” అని అడిగితే ఉన్నదనే సమాధానం తరచుగా వస్తుంది. “అందులో ఈ యంత్రానికి తగిన నెట్‌వర్కు డ్రైవరు చేర్చారా? ఇక్కడి నెట్‌వర్కు చిరునామాలు వ్రాసి ఉంచారా? ఒక్కసారియైనా దానితో ఈ యంత్రాన్ని లేపి చూచారా?” అని అడిగితే మాత్రం ఎదుటివారు మన ముఖం వంక వింతగా చూస్తారు. ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేని పెన్‌డ్రైవు ఆపద్బాంధవి కాజాలదని నా అభిప్రాయం.

విషయమును కొంత వివరించాలి. సాధారణంగా కంప్యూటరు తన లోపలి డిస్కులో ఉన్న విండోస్‌ను చదువుకొని లేస్తుంది. ఆ విండోస్ పాడైపోయినప్పుడు, డిస్కే మార్చవలసి వచ్చినప్పుడు, బయటి నుండి మరొక చిన్న వ్యవస్థను తెచ్చి దానితో లేపాలి. విండోస్ పీఈ అనే చిన్న విండోస్ అటువంటిది. పెన్‌డ్రైవు నుండి బయలుదేరి యంత్రపు జ్ఞాపకశక్తిలో, అనగా ర్యామ్‌లో, కూర్చుంటుంది. తన నివాసానికి ఎక్స్ అనే అక్షరాన్ని పేరుగా పెట్టుకుంటుంది. మీట ఆర్పితే అందులో అప్పటివరకు చేసిన మార్పులన్నీ మాయమవుతాయి. 72 గంటలు ఏకధాటిగా నడిస్తే తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవుతుంది. ఇది చుట్టపుచూపుగా వచ్చిన అతిథి. కాపురం చేయడానికి వచ్చినది కాదు. కనుక దానికి కావలసిన సామాను దాని మూటలోనే ఉండాలి.

ఇటువంటి ఆపద మనవంటివారికి ఎక్కడ వస్తుందని తేలికగా తీసివేయరాదు. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వలన ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర పట్టి కూలబడినవని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది. ఆ అంకె వినడానికి ఎక్కడో అమెరికాలో జరిగిన గొడవవలె తోస్తుంది. ఆనాడు మన శంషాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. అంతకంటె గమనించదగిన సంగతి మరొకటున్నది. ఆ చిక్కుకు విరుగుడు చాలా చిన్నది: యంత్రాన్ని రక్షణ విధానంలో లేపి, ఒక ఫైలును తొలగించడం. ఆ చిన్న పనికే సంస్థలకు రోజులు పట్టినవి. ఏలనగా కూలబడిన యంత్రం నెట్‌వర్కులో కనబడదు. దూరాన కూర్చున్న ఇంజనీరు చేయి దానిని తాకజాలదు. చాలాచోట్ల మనుషులు ఒక్కొక్క యంత్రం వద్దకు నడచి వెళ్ళవలసి వచ్చింది. మరునాటికల్లా మైక్రోసాఫ్ట్ ఒక పెన్‌డ్రైవు సాధనాన్ని విడుదల చేసింది. అది పైన చెప్పిన విండోస్ పీఈ మీద ఆధారపడినదే. డిస్కుకు బిట్‌లాకరు తాళం ఉన్న యంత్రాలకు 48 అంకెల తాళపుచెవి కూడా కావలసి వచ్చింది. ఆ అంకెలు మరొక కంప్యూటరులో భద్రంగా ఉన్నవి. ఆ కంప్యూటరు కూడా నీలి తెర పట్టి ఉంటే యజమాని గతి ఏమిటో ఊహించుకొనవచ్చును.

ఇప్పుడు అసలు ముడికి వద్దాం. డ్రైవరు అనగా బండి తోలేవాడు కాదు. ఒక పరికరపు భాషను విండోస్‌కు అర్థమయ్యేలా చెప్పే దుబాసీ. నెట్‌వర్కు కార్డుకు దుబాసీ లేకపోతే తీగ బిగించినా, దీపం వెలిగినా, యంత్రానికి బయటి లోకం లేనట్లే. ఆ దుబాసీని ఎక్కడి నుండి తెచ్చుకోవాలి? ఇంటర్నెట్ నుండి. ఇంటర్నెట్‌కు ఎలా వెళ్ళాలి? నెట్‌వర్కు కార్డు ద్వారా. పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఈ ముడిని ఆపద వచ్చిన తర్వాత విప్పడం కష్టం. ముందుగానైతే పది నిమిషాల పని.

ఆ పది నిమిషాల పని ఏదో చెబుతాను. యంత్రం ఆరోగ్యంగా ఉన్న రోజున డివైస్ మేనేజరు తెరచి, నెట్‌వర్కు కార్డు యొక్క గుర్తింపు సంఖ్యను కాగితం మీద వ్రాసుకోవాలి. అందులో రెండు భాగాలుంటాయి: తయారీదారు సంఖ్య, పరికరపు సంఖ్య. మొదటిది 8086 అయితే అది ఇంటెల్. 10ఈసీ అయితే రియల్‌టెక్. (1978లో వచ్చిన తమ ప్రసిద్ధ ప్రాసెసరు పేరునే ఇంటెల్ వారు తమ సంఖ్యగా పెట్టుకున్నారు, ఇంజనీర్లకు కూడా వంశగౌరవం ఉంటుంది కాబోలు.) ఆ సంఖ్యకు తగిన డ్రైవరును తెచ్చుకోవాలి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తయారీదారులు తరచుగా ఇచ్చేది ఒక ఇన్‌స్టాలరు. 64 బిట్ల విండోస్ పీఈ 32 బిట్ల కార్యక్రమాలను నడపదు గనుక అటువంటి ఇన్‌స్టాలర్లు అందులో ప్రాణం లేనట్లు పడి ఉంటాయి. కావలసినది ఆ మూటను విప్పగా లోపల కనిపించే ఐఎన్ఎఫ్ అనే ఫైలు, దానితో పాటున్న ఎస్‌వైఎస్, క్యాట్ ఫైళ్ళు. వీటిని డిస్మ్ అనే సాధనంతో పెన్‌డ్రైవులోని బూట్ ప్రతిలోనే కలిపివేస్తే, పెన్‌డ్రైవు లేచిన ప్రతిసారి డ్రైవరు తనంతట లేస్తుంది. కలపకుండా పక్కన ఒక ఫోల్డరులో పెట్టినా, లేచిన తర్వాత డ్రైవ్‌లోడ్ అనే ఆజ్ఞతో ఎక్కించుకొనవచ్చును. కాని మీట ఆర్పగానే అది పోతుంది, తరువాత మళ్ళీ ఎక్కించాలి. మొదటిది నూలుకు అద్దిన రంగు, రెండవది నేసిన గుడ్డ మీద పూసిన రంగు. నేను మొదటిదానినే కోరుకుంటాను.

డిస్కుకు కూడా ఒక్కొక్కప్పుడు ఇదే దుస్థితి పడుతుంది. ఇంటెల్ పదకొండవ తరం తర్వాతి యంత్రాలు కొన్నింటిలో, నిల్వకు సంబంధించిన వీఎండీ డ్రైవరు లేకపోతే రికవరీ సాధనానికి డిస్కే కనిపించదు. ‘డిస్కు చచ్చిపోయింది’ అని తీర్పు చెప్పి కొత్తది కొనిపించే ముందు ఈ సంగతిని పరిశీలించే మెకానిక్కులు ఎందరున్నారో పాఠకులే ఆలోచించండి. ల్యాప్‌టాపుల సంగతి మరొకటి. మామూలు విండోస్ పీఈలో వైఫై పనిచేయదు, తీగ కావాలి. ఈనాటి పలుచని ల్యాప్‌టాపులకు తీగ పెట్టే చోటే ఉండదు. అప్పుడు యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టరు కొనాలి, దాని డ్రైవరు కూడా పెన్‌డ్రైవులో కలపాలి.

డ్రైవరు తరువాతది చిరునామా. దీనిని మనవారు బొత్తిగా లెక్కచేయరు. ప్రతి యంత్రానికి నెట్‌వర్కులో ఒక సంఖ్య ఉండాలి. దానిని సాధారణంగా రౌటరు పంచిపెడుతుంది. పెన్‌డ్రైవుతో లేచిన యంత్రం మొదటగా “నాకు చిరునామా ఎవరు ఇస్తారు?” అని కేక వేస్తుంది. ఐపీకాన్ఫిగ్ అని కొట్టి చూస్తే తెరమీద మూడు విధాల సమాధానాలలో ఒకటి కనబడవచ్చు. ఏమీ కనిపించకపోతే డ్రైవరు లేదు. 169.254తో మొదలయ్యే సంఖ్య కనిపిస్తే డ్రైవరు ఉన్నది, కేక వేసింది, ఎవరూ పలకలేదు, కనుక తనకు తానే ఒక పేరు పెట్టుకున్నది. 192.168తో మొదలయ్యేది కనిపిస్తే దాదాపుగా ఇల్లు చేరినట్లే. మొదటి రెండు మౌనాలకు భేదం తెలియక గంటల కాలం తప్పుచోట వెదకేవారిని నేను చూచినాను. డ్రైవరు లేని యంత్రానికి తీగలు మార్చి మార్చి పెడతారు. తీగ వదులైన యంత్రానికి డ్రైవర్లు ఎక్కిస్తూ కూర్చుంటారు.

నేను చూచిన ఒక ఉదంతం చెబుతాను. పోచంపల్లి మండలంలోని ఒక గ్రామంలో ఇక్కత్ నమూనాలు గీసి ఇచ్చే గది ఒకటున్నది. గళ్ళ కాగితం మీద గీసే పనిని ఇప్పుడు అక్కడ కంప్యూటరు మీద చేస్తున్నారు. ప్రతి సాయంత్రం నమూనాలన్నిటి నకలు అదే గదిలోని ఒక నిల్వ పెట్టెలోకి నెట్‌వర్కు ద్వారా చేరుతుంది. అంతవరకు వారు మెచ్చుకోదగినంత జాగ్రత్తపరులు. ఒకనాడు డిస్కు పోయింది. కొత్త డిస్కు వేశారు; పట్టణం నుండి ఒక మెకానిక్కు వచ్చాడు; అతని పెన్‌డ్రైవుతో యంత్రం లేచింది కూడా. నల్లని కిటికీ తెరుచుకున్నది. నిల్వ పెట్టె ఆరడుగుల దూరంలో పచ్చని దీపంతో మెరుస్తున్నది. దానిని చేరే దారి మాత్రం లేదు. ఆ గది యజమాని, అరవై ఏళ్ళ పెద్దమనిషి, “తమ్మీ, తీగ పెట్టినం గద, పెట్టె గీడనే ఉన్నది గద, ఇంక దొర్కకపోవుడేంది?” అని అడిగిన తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నది.

యంత్రపు మదర్‌బోర్డు కొత్తది, పెన్‌డ్రైవు పాతది. నెట్‌వర్కు డ్రైవరు అందులో లేదు. ఫోనులో డౌన్‌లోడు చేసినది ఇన్‌స్టాలరు, అది నడవలేదు. పక్క ఊరిలో మరొక కంప్యూటరు దగ్గరకు వెళ్ళి మూట విప్పి ఐఎన్ఎఫ్ తెచ్చి డ్రైవ్‌లోడ్ చేసేసరికి సాయంత్రమైంది. డ్రైవరు లేచింది; 169.254 కనిపించింది. ఆ గదిలోని నెట్‌వర్కులో చిరునామాలు పంచే ఏర్పాటును ఎవరో ఎప్పుడో ఆపివేసి, యంత్రాలకు స్థిరమైన సంఖ్యలు చేతితో ఇచ్చారు. ఆ సంఖ్యలు ఏవో చెప్పగల మనిషి పని మాని వెళ్ళి రెండేళ్ళైంది. మరునాడు మధ్యాహ్నానికి గాని నిల్వ పెట్టె చిరునామా దొరకలేదు. ఈ ఒకటిన్నర రోజు నమూనా కాగితాలు ముద్రణ కాలేదు. నూలుకు కట్లు కట్టే ఇండ్లకు పని అందలేదు. వారి వెనుక మగ్గాలు ఎదురుచూచినవి. ఇక్కత్ పనిలో వరుస తప్పితే ఒకరి ఆలస్యం పదిమందికి కూలి నష్టం. చేనేత కుటుంబానికి ఒక రోజు కూలి ఎంతటిదో ఈ ప్రాంతపు పాఠకులకు నేను చెప్పనక్కరలేదు.

మెకానిక్కును నిందించడం నా ఉద్దేశం కాదు. అతడు తెచ్చినది వంద యంత్రాలకు పనికివచ్చే పెన్‌డ్రైవు. ఈ ఒక్క యంత్రానికి చేసినది కాదు. దర్జీ కుట్టిన అంగీకి, అంగడిలో దొరికే అంగీకి ఉన్న భేదమే ఇది. ఆ సంస్థకు కావలసిన పెన్‌డ్రైవును ఆ సంస్థవారే చేసుకోవాలి. విండోస్ పీఈలో స్టార్ట్‌నెట్ అనే చిన్న ఆజ్ఞాపత్రం ఒకటుంటుంది. లేవగానే దానిని చదివి ఒక్కొక్క పంక్తి అమలుపరుస్తుంది. అందులో మొదట ఉండే ఆజ్ఞ నెట్‌వర్కును మేల్కొలుపుతుంది. దాని కింద మరొక పంక్తి చేర్చి, నెట్‌ఎస్‌హెచ్ అనే సాధనంతో ఈ యంత్రానికి స్థిరమైన చిరునామా, సబ్‌నెట్ మాస్కు, గేట్‌వే ఇవ్వవచ్చును. అప్పుడు రౌటరు పలికినా పలకకపోయినా యంత్రం నిల్వ పెట్టెను పలకరించగలదు. రెండు నెట్‌వర్కు కార్డులున్న యంత్రంలో కార్డుల పేర్లు తారుమారు కావచ్చును గనుక ఏది ఏదో ఒకసారి చూచుకోవాలి. ఈ పంక్తి వ్రాయడానికి పట్టే కాలం ఉత్తరం మీద చిరునామా వ్రాయడానికి పట్టే కాలం కంటె ఎక్కువ కాదు.

దీనికి కొందరు మిత్రులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. “ఈ రోజులలో అంతా క్లౌడులోనే గదా, పెన్‌డ్రైవుల రోజులు పోయినవి” అంటారు. క్లౌడులోని దస్త్రం క్షేమంగానే ఉంటుంది. దానిని దించుకొనేది లేచి నిలిచిన యంత్రమే గాని కూలబడిన యంత్రం కాదు. పైగా మైక్రోసాఫ్ట్ వారే 2024 నాటి గుణపాఠంతో 2025లో విండోస్ 11కు ఒక కొత్త ఏర్పాటు చేశారు: యంత్రం లేవలేకపోతే రికవరీ వ్యవస్థే నెట్‌వర్కులోకి వెళ్ళి విరుగుడును తెచ్చుకుంటుంది. మంచిదే. అది కూడా తీగ మీద గాని, సాధారణ రహస్యపదం గల వైఫై మీద గాని ఆధారపడినదే. అనగా నెట్‌వర్కు ముందు, విరుగుడు తరువాత. ఆ కంపెనీ చేసినది నేను చెప్పిన మాటకు బలమే గాని ఖండన కాదు.

తయారీదారు ఇచ్చినదే నమ్ముకొని కూర్చుంటే ఏమవుతుందో 2025 అక్టోబరు చూపింది. ఆ నెల 14వ తేదీన విడుదలైన విండోస్ 11 నవీకరణ తరువాత, రికవరీ తెర వచ్చిన యంత్రాలలో యూఎస్‌బీ కీబోర్డు, మౌసు పనిచేయడం మానివేసినవి. మామూలు విండోస్‌లో అవే కీబోర్డులు చక్కగా పనిచేస్తున్నవి. రికవరీలో మాత్రం తలుపు తెరుచుకున్నది, లోపలికి అడుగుపెట్టే కాలు లేదు. 20వ తేదీన సవరణ వచ్చింది. ఆ ఆరు రోజులలో ఆపద వచ్చినవారికి పాతకాలపు గుండ్రని పిన్నుల కీబోర్డు గాని, విడిగా చేసి ఉంచుకొన్న పెన్‌డ్రైవు గాని దిక్కు. యాదృచ్ఛికంగా విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసినది కూడా అదే అక్టోబరు 14న. మన ప్రాంతపు అనేక కార్యాలయాలలో పాత యంత్రాలు ఇంకా విండోస్ 10 మీదనే నడుస్తున్నవి గనుక వాటి యజమానులు ఈ విషయంలో మరింత మేల్కొని ఉండడం మేలు.

లైనక్స్ అభిమానులు మరొక మాట అంటారు. సిస్టమ్‌రెస్క్యూ, క్లోన్‌జిల్లా వంటి ఉచిత సాధనాలుండగా ఈ డ్రైవర్ల తంటా ఎందుకని. ఈ మాటలో చాలా నిజమున్నది. లైనక్స్ కెర్నెల్ తన పొట్టలోనే వేలకొలది పరికరాల డ్రైవర్లను మోసుకొని తిరుగుతుంది. విండోస్ పీఈకి కనిపించని కార్డు దానికి తరచుగా కనిపిస్తుంది. కాని అక్కడ కూడా ఫర్మ్‌వేర్ అనే చిక్కున్నది. తయారీదారులు మూలరూపాన్ని బయటపెట్టని ఈ ఫైళ్ళను డెబియన్ వారు సిద్ధాంతరీత్యా తమ అధికారిక ఇన్‌స్టాలరులో చాలాకాలం చేర్చలేదు. వైఫై కార్డుల యజమానులు పడిన అవస్థ చూచి 2022లో ఓటింగు జరిపి, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 నుండి చేర్చినారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు కంచుకోట వంటి సంస్థ కూడా ఆపదలో ఉన్నవాని ముందు తన నియమాన్ని సడలించుకున్నదంటే విషయమెంతటిదో తెలుస్తుంది. నా సలహా ఏమనగా, బీరువాలో రెండు పెన్‌డ్రైవులు ఉండాలి: ఒకటి విండోస్ పీఈ, ఒకటి లైనక్స్. అయినను నిల్వ పెట్టె చిరునామా ఎంత అన్న ప్రశ్నకు లైనక్స్ కూడా జవాబు చెప్పజాలదు. అది మనిషి వ్రాసి పెట్టవలసినదే.

ఆ వ్రాత ఏ భాషలో ఉండాలి? ఈ విషయంలో నాకు పట్టుదల ఉన్నది. మన కార్యాలయాలలో లెక్కలు వ్రాసేవారు, తలుపులు తెరిచేవారు, పెన్‌డ్రైవు ఏ సొరుగులో ఉన్నదో తెలిసినవారు తెలుగో ఉర్దూయో చదువుతారు. సూచనల కాగితం మాత్రం ఇంగ్లీషులో, అదీ సంక్షిప్తాక్షరాలలో ఉంటుంది. కనుక ఇంజనీరు రాక కోసం ఎదురుచూడటం తప్ప వారికి వేరే గతి లేదు. ఒక పుట చాలు. యంత్రం పేరు, నెట్‌వర్కు కార్డు సంఖ్య, స్థిర చిరునామా, నిల్వ పెట్టె చిరునామా, బూట్ మెనూకు నొక్కవలసిన మీట, పెన్‌డ్రైవు తయారుచేసిన తేదీ. తెలుగులో ఒక వైపు, ఉర్దూలో మరొక వైపు. రహస్యపదమును, బిట్‌లాకరు సంఖ్యను మాత్రం పెన్‌డ్రైవుకు దారం కట్టి వేలాడదీయరాదు. వాటిని విడిగా ఇనుప బీరువాలో ఉంచాలి. ఇంటి తాళపుచెవిని తాళానికే తగిలించి ఊరికి వెళ్ళేవారు ఉండరు గదా.

భాషను గురించి మరొక చిన్న సంగతి. నమూనాల ఫైళ్ళకు కొందరు తెలుగులో పేర్లు పెడతారు. మామూలు విండోస్‌లో అవి చక్కగా కనబడతాయి. విండోస్ పీఈ చిన్న మూట గనుక అందులో అన్ని లిపులు ఉండవు. తెలుగుకు వెనుకటి గౌతమి వంటి అక్షరాలను మైక్రోసాఫ్ట్ వారు విడిగా ఒక అదనపు భాగంలో ఉంచారు. అది చేర్చకుండా లేపితే మన ఫైళ్ళ పేర్లు వరుసగా ఖాళీ గళ్ళుగా కనిపించవచ్చును. గళ్ళ కాగితం మీద బ్రతికే ఊరికి అది విడ్డూరమైన దృశ్యమే గాని ఏ గడి ఏ చీరదో ఎలా తెలుస్తుంది? ఆ అదనపు భాగాన్ని కూడా డ్రైవరువలెనే ముందుగా కలుపుకోవాలి.

ఇదంతా నిపుణుల పని, మన విద్యార్థులకు ఎందుకు అనే మాటను నేను అంగీకరించను. ఇదే యాదాద్రి భువనగిరి జిల్లాలో, చిన్న చదువు చదివిన చింతకింది మల్లేశం తన తల్లి చేతినొప్పి చూడలేక ఆసు యంత్రాన్ని కనిపెట్టి 2017లో పద్మశ్రీ అందుకొన్నారు. ఆయన సమస్యను ప్రయోగశాలలో కాక ఇంటి చావడిలో చూచారు. మన విద్యార్థులు కంప్యూటరు పరీక్షలలో ఆపరేటింగు సిస్టమ్ నిర్వచనాలు అప్పజెబుతారు, ఐపీ చిరునామా అనగానేమి అనే ప్రశ్నకు పది మార్కుల జవాబు వ్రాస్తారు. లేవని యంత్రం ముందు కూర్చోబెడితే మాత్రం చేతులు ముడుచుకుంటారు. తప్పు వారిది కాదు. వారి చేతికి ఎన్నడూ చెడిపోయిన యంత్రాన్ని ఇవ్వలేదు. ప్రయోగశాలలో యంత్రం చెడితే తాళం వేసి మెకానిక్కును పిలవడం మన ఆచారం.

ఈ ఆచారాన్ని మార్చడానికి పెద్ద నిధులు అవసరం లేదు. ఏడాదికి ఒక శనివారం చాలు. ప్రయోగశాలలో ఒక యంత్రపు డిస్కు తీగను అధ్యాపకుడే పీకివేసి, నలుగురేసి విద్యార్థులను పంపాలి. ఇంటర్నెట్ ఆపి ఉంచాలి. వారు తయారుచేసుకొన్న పెన్‌డ్రైవుతో యంత్రాన్ని లేపి, పక్క గదిలోని యంత్రం నుండి ఒక ఫైలును తెచ్చి చూపాలి. రికవరీ డ్రైవును ఏటా కొత్తగా తయారుచేసుకొమ్మని మైక్రోసాఫ్ట్ వారే సలహా ఇస్తున్నారు గనుక ఈ శనివారం ఆ పనికీ సరిపోతుంది. గెలిచిన జట్టును మరుసటి వారం ఊరిలోకి పంపాలి: చేనేత సహకార సంఘానికి, నమూనాల గదులకు, మీ సేవా కేంద్రానికి, ఉపకార వేతనాల దరఖాస్తులు పంపే దుకాణానికి. దరఖాస్తు గడువు ఆఖరి రోజున ఆ దుకాణపు కంప్యూటరు కూలబడితే ఏటి ఫీజు పోగొట్టుకొనేది మన ఇంటి పిల్లలే. గ్రామీణ యువతకు వృత్తి విద్యలు నేర్పే స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ జలాల్‌పూర్‌లో, పోచంపల్లి మండలంలోనే ఉన్నది. ఇటువంటి పనికి కళాశాలలు దానితో చేయి కలిపితే ఎంత బాగుంటుంది!

అలా వెళ్ళిన విద్యార్థులు అక్కడ కంప్యూటరును ముట్టుకొనే ముందు ఒక కాగితం, కలం తీసి, యజమానిని మొదట అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: “అయ్యా, మీ ఫైళ్ళ నకలు ఏ పెట్టెలో ఉన్నది? దాని చిరునామా ఎవరి వద్ద వ్రాసి ఉన్నది?”